మీ పోస్టు నన్ను కదిలించింది

కథల్లో మొదటి వాక్యాలంటే నాకు ఒకరకమైన పిచ్చి. పుస్తకాల షాపులో నిలబడి పది పుస్తకాల మొదటి వాక్యాలు చదివి, ఒకటి కొనుక్కుని బయటికొచ్చే రకం నేను. అలాంటివాడికి కొన్నేళ్ళ క్రితం, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుండగా, ఒక పని అప్పజెప్పారు. మొదటి వాక్యాలు రాసే ప్రోగ్రాం తయారుచెయ్యాలి. కథలకి కాదు లెండి, లింక్డిన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి పంపే సేల్స్ మెసేజీలకి.

ఈ వ్యవహారం తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. మా కంపెనీ ఫ్యాక్టరీల్లో యంత్రాల మరమ్మతుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మేది. కొనేవాళ్ళు అమెరికాలో. వాళ్ళలో మా పేరు విన్నవాళ్ళు దాదాపు ఎవరూ లేరు. అందుకని ముందు ఒక జాబితా తయారవుతుంది: ఇన్ని వందలమంది ఉద్యోగులున్న కంపెనీల్లో, మెయింటెనెన్స్ మేనేజర్ హోదాలో ఉన్నవాళ్ళు. జాబితాలో ఒక్కో మనిషినీ 'ప్రాస్పెక్ట్' అంటారు. ఏ పరిచయమూ లేదు కాబట్టి 'కోల్డ్' ప్రాస్పెక్ట్. ముందు కనెక్షన్ రిక్వెస్ట్ వెళ్తుంది. ఒప్పుకుంటే ఒక మెసేజి. జవాబు రాకపోతే మూడు రోజులకి ఇంకోటి, వారానికి మరోటి, ఆ తర్వాత 'ఇక మిమ్మల్ని విసిగించను' అంటూ ఆఖరిది. ఈ వరసకి 'సీక్వెన్స్' అని పేరు. పంపే పిల్లల్ని ఎస్‌డీఆర్‌లు అంటారు. అమెరికా పగటివేళలకి తగ్గట్టు సాయంత్రం వచ్చి తెల్లవారుజామున క్యాబ్ ఎక్కి వెళ్ళేవాళ్ళు. నెలకి ఇన్ని మీటింగులు కుదర్చాలని టార్గెట్. జీతంలో కొంత భాగం ఆ మీటింగుల మీదే. ఆ మెసేజీలు వాళ్ళ పేరుతో కూడా వెళ్ళవు. అమెరికాలో ఉండే మా ఫౌండర్ ప్రొఫైల్లోంచి వెళ్తాయి, పెద్దమనిషి పేరు చూస్తే జవాబులు ఎక్కువ వస్తాయని.

ఫోన్లో మెసేజి తెరవకముందు కనపడేది మొదటి వాక్యం ఒక్కటే. అది ఊరందరికీ పంపినట్టుంటే ఎవరూ తెరవరు. తన కోసమే రాసినట్టుంటే తెరుస్తారు. అందుకని ఎస్‌డీఆర్‌లు ఒక్కొక్కరి ప్రొఫైల్‌కీ వెళ్ళి, ఆ మనిషి ఈమధ్య ఏం పోస్టు చేశాడో చూసి, దాని గురించి ఒక ముక్క రాసేవాళ్ళు. మనిషికి ఐదారు నిమిషాలు పట్టేది. నా ప్రోగ్రాం ఆ ఐదారు నిమిషాలనీ తీసేసింది. పోస్టులు తెచ్చుకుని, అందులో ఒకటి ఎంచుకుని, లాంగ్వేజ్ మోడల్ చేత ఒక వాక్యం రాయించి మెసేజి నెత్తిన పెడుతుంది. ఇలా మనిషి బదులు ప్రోగ్రాం చేత పని చేయించడం లింక్డిన్ నిబంధనలకి విరుద్ధం. ఆ సంగతి మాకు తెలుసు. అందరూ చేస్తున్నదేగా అనుకున్నాం.

మొదట్లో అది రాసిన వాక్యాలు దారుణంగా ఉండేవి. 'మీ ప్రయాణం ఎంతో స్ఫూర్తిదాయకం' లాంటివి. ఇక్కడే నాలోని సమీక్షకుడు నిద్రలేచాడు. పొగడొద్దు, విశేషణాలు వద్దు, పోస్టులో మిగతావాళ్ళు పట్టించుకోని చిన్న వివరం ఒకటి పట్టుకో, దాని గురించే మాట్లాడు, అని మోడల్‌కి చెప్పాను. కథ చదివేటప్పుడు నేను చేసే పని అదే కదా! వారం తిరిగేసరికి వాక్యాలు మారిపోయాయి. వాటికి జవాబులు పెరిగాయి. నాకు గర్వంగా ఉండేది, దాచుకోవడం దేనికి.

*

ఒకరోజు రాత్రి పదకొండున్నర వేళ ఒక ఎస్‌డీఆర్ నా సీటు దగ్గరికి వచ్చింది. వరంగల్ వైపు అమ్మాయి, చేరి నాలుగు నెలలు. మా ఆఫీసులో మీటింగ్ కుదిరినప్పుడల్లా గోడకున్న ఇత్తడి గంట కొట్టే అలవాటు ఉండేది. ఆ అమ్మాయికి మీటింగ్ కుదిరింది కానీ గంట కొట్టలేదు. లాప్‌టాప్ నా ముందు పెట్టి, "అన్నా, ఈయనకి ఏం రాయాలె?" అంది.

ఆ ప్రాస్పెక్ట్ యాభై దాటిన మనిషి. నెల ముందు వాళ్ళ నాన్న పోయారు. ఆ నాన్న కూడా మెకానిక్కే. ఆయన పనిముట్ల పెట్టె ఇంటికి తెచ్చుకుని తెరిచి చూస్తే ఒక్కో పానా విడివిడిగా నూనెగుడ్డలో చుట్టి ఉందని, ఆ గుడ్డలు విప్పబుద్ధి కాలేదని ఒక పోస్టు పెట్టాడు. నా ప్రోగ్రాం సరిగ్గా ఆ వివరాన్ని పట్టుకుంది. 'మీ నాన్నగారు ఒక్కో పానానీ నూనెగుడ్డలో చుట్టి దాచారని మీరు రాసిన చోట నేను కాసేపు ఆగిపోయాను' అన్నది మా ఫౌండర్ పేరుతో వెళ్ళిన మొదటి వాక్యం. దాని కింద ఒక ఖాళీ లైను. ఆ కింద, యంత్రాలు హఠాత్తుగా ఆగిపోతే అయ్యే నష్టం గురించి, గురువారం ఒక పదిహేను నిమిషాలు ఇవ్వగలరా అని.

ఆయన తిట్టి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. తిట్లు మాకు అలవాటే. ఆయన కృతజ్ఞతలు చెప్పాడు. నాలుగు పేరాలు రాశాడు. అందరూ సారీ చెప్పి ముందుకు వెళ్ళిపోయారు, ఆ గుడ్డల గురించి మాట్లాడింది మీరొక్కరే అన్నాడు. నాన్న చివరి రోజుల్లో చేతులు వణుకుతున్నా పెట్టెలో ఏది ఎక్కడుందో చూడకుండా చెప్పేవాడని రాశాడు. చివర్లో, గురువారం కుదురుతుంది, మాట్లాడుకుందాం అన్నాడు.

మా సిస్టమ్ ఆ జవాబుకి పచ్చరంగు పూసి 'పాజిటివ్ రిప్లై' అని ముద్ర వేసింది.

*

ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటే. ఆయనకి అన్యాయం జరిగిందా?

జరగలేదనడానికి కారణాలు బలంగానే ఉన్నాయి. ఆయనకి ఓదార్పు దొరికింది. డబ్బు పోలేదు. గురువారం మీటింగ్‌కి వస్తే వచ్చాడు, లేకపోతే లేదు. అసలు సంగతి ఆయనకి ఎప్పటికీ తెలియదు. తెలియనిదాని వల్ల బాధ ఏముంటుంది? మా మేనేజర్ వాదన ఇదే, పైగా ఆయన దుర్మార్గుడేమీ కాదు. "ఆ మనిషికి ఆ రోజు ఒక మంచిమాట కావలసొచ్చింది, మన వల్ల అందింది. ఇందులో తప్పేముంది?" అన్నాడు.

పోనీ, అబద్ధం చెప్పామా? ఇదీ అనుకున్నంత తేలిక ప్రశ్న కాదు. అబద్ధమాడేవాడికి నిజం తెలిసి ఉండాలి, దాన్ని దాచాలనే ఉద్దేశం ఉండాలి. అమెరికన్ తత్త్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1986లో రాసి, 2005లో చిన్న పుస్తకంగా వచ్చిన వ్యాసం ఒకటుంది. దాని పేరులో ఉన్న మాటని మన వాడుకలో చెప్పాలంటే 'సొల్లు' అనాలి. ఆయన చూపించిన తేడా ఏమిటంటే, అబద్ధాలకోరు నిజాన్ని లెక్కలోకి తీసుకుంటాడు కాబట్టే దాన్ని దాస్తాడు. సొల్లు చెప్పేవాడికి తన మాట నిజమో అబద్ధమో పట్టదు, పని జరిగితే చాలు. మా మెసేజిలో 'నేను కాసేపు ఆగిపోయాను' అన్న మాటని ఈ లెక్కన చూడండి. ఎవరా 'నేను'? మా ఫౌండర్ ఆ సమయానికి ఏ ఎయిర్‌పోర్టులో ఉన్నాడో. ఆ అమ్మాయి ఆ పోస్టు చూడనేలేదు, జవాబు వచ్చాక చూసింది. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఆగితే దాన్ని 'బగ్' అంటాం. ఆ వాక్యానికి కర్త లేడు.

ఒకరి పేరుతో వాళ్ళు అనని మాట పంపడం తప్పని మనకి ఎక్కడో తెలుసు. లింక్డిన్ మీదే ఇలాంటి కేసు ఒకటి అమెరికాలో నడిచింది. సభ్యుల అడ్రసు పుస్తకాల్లో ఉన్నవాళ్ళకి సభ్యుల పేరుతో ఆహ్వానాలు పంపి, వాళ్ళు స్పందించకపోతే మళ్ళీ మళ్ళీ గుర్తుచేసింది. మొదటి ఆహ్వానానికి సభ్యులు ఒప్పుకున్నట్టే అనుకోవచ్చు గానీ, తర్వాత వాళ్ళ పేరుతో వెళ్ళిన రిమైండర్లకి ఎవరు ఒప్పుకున్నారన్నది కోర్టు అడిగిన ప్రశ్న. 2015లో కంపెనీ 1.3 కోట్ల డాలర్లకి రాజీపడింది. అయితే ఆ కేసు ఎవరి పేరు వాడారో వాళ్ళ తరఫున. మా ఫౌండర్ తన పేరు వాడుకోమని సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ పేరుని నమ్మి నాలుగు పేరాలు రాసుకున్న మనిషి తరఫున వాదించే లాయరు ఎవరూ లేరు.

*

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళు ఎల్ఐసీ ఏజెంటు. నేను చదువుకున్నది ఆ కమీషన్ల మీదే. సేల్స్ అంటే ఏవగించుకునే హక్కు నాకు పుట్టుకతోనే లేదు.

మా నాన్న దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఎవరి ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరి అమ్మాయికి పెళ్ళి కుదిరింది, ఎవరు కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరారు, అన్నీ అందులో. పెళ్ళికి పిలిచినా పిలవకపోయినా వెళ్ళేవాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, పంటల గురించి గంట మాట్లాడి, లేవబోతూ పాలసీ మాట ఎత్తేవాడు. నా ప్రోగ్రాం చేసిందీ అదే కదా, నాన్న నోటుబుక్కుకి కరెంటు పెట్టాను, అంతే కదా? నన్ను నేను చాలా రోజులు ఇలాగే సముదాయించుకున్నాను.

ఒకసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన్నే అడిగాను. ఆ అమెరికా మనిషి సంగతంతా చెప్పి, నువ్వు చేసినదానికీ దీనికీ తేడా ఏమిటి నాన్నా అన్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎప్పటిదో ఒక సంగతి చెప్పాడు. పక్క ఊళ్ళో ఒక రైతు పోతే, పదకొండో రోజున క్లెయిము కాయితాలు పట్టుకుని వెళ్ళాడట. వాళ్ళకి ఏదీ తెలియదు. పాలసీ బాండు వెతికించి, డెత్ సర్టిఫికెట్ కోసం పంచాయతీ ఆఫీసుకి వాళ్ళ వెంట రెండుసార్లు తిరిగి, సంతకాలు చేయించాడు. ఆ రోజే చనిపోయినాయన తమ్ముడికి ఒక పాలసీ కట్టించాడు. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

"అది తప్పేనంటావా?" అని అడిగాను.

"ఏమోరా. ఆ పిల్లాడికీ ఇద్దరు చిన్నపిల్లలు, కట్టడమే మంచిదనిపించింది. నాకూ ఆ నెల బిజినెస్ తక్కువుంది. రెండూ నిజమే," అన్నాడు. "కానీ వెళ్ళాను కదా. ఆవిడ ఏడుస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. ఫో అంటే పోవాల్సిందే."

కాంట్ 1785లో రాసిన నీతిసూత్రం ఒకటి అందరికీ తెలిసిందే: మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దు. 'కేవలం' అన్న మాట మీదే దాని బరువంతా ఉంది. సాధనంగా వాడుకోవద్దంటే అసలు బజారే నడవదు. కూరగాయలమ్మే ఆవిడకి నేను సాధనం, నాకు ఆవిడ సాధనం. మా నాన్నకి ఆ తమ్ముడు సాధనమే, కానీ కేవలం సాధనం కాడు, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ ఇంటి దుఃఖం ఎంతో కొంత ఈయన మీద కూడా పడింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అడిగినా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా లేదు. నా ప్రోగ్రాం మీద ఏం పడింది? అది ఆ పోస్టుకి వాక్యం రాసిన తర్వాతి సెకనులో ఇంకొకరి ప్రమోషన్ పోస్టుకి వాక్యం రాసింది.

అలాగని మనిషి ఎదురుగా ఉంటే చాలు, అంతా పవిత్రమైపోతుందని నేననను. అలా అంటే గురజాడ ఊరుకోడు. 'కన్యాశుల్కం'లో గిరీశం కంటే గొప్ప ఎస్‌డీఆర్ మన సాహిత్యంలో ఉన్నాడా! వ్యాజ్యాల పిచ్చి ఉన్న అగ్నిహోత్రావధానుల దగ్గర వ్యాజ్యాల కబుర్లు, బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహాల కబుర్లు, ఎవరికి తగ్గ మొదటి వాక్యం వాళ్ళకి. ఎదురుగానే ఉండి, కళ్ళలోకి చూస్తూ మోసం చేశాడు. కానీ గిరీశానికి కూడా ఒక ఇబ్బంది ఉంది. ఒకసారికి ఒక్క ఇంట్లోనే ఉండగలడు. చెప్పినవన్నీ గుర్తుపెట్టుకోవాలి. చివరికి సౌజన్యారావు పంతులు ముందు నిలబడి పట్టుబడాలి. వాడి మోసానికి వాడి ఒళ్ళే హద్దు. నేను తయారుచేసింది ఆ హద్దు లేని గిరీశాన్ని.

*

ఇక అన్యాయం ఎక్కడ జరిగిందో నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

ఎవరైనా 'మీరు రాసింది చదివాను' అంటే మనకి ఎందుకు సంతోషం? ఆ మాటలో సమాచారం ఏమీ లేదు. కానీ ఒక మనిషి తన సమయంలోంచి కొంత తీసి మన కోసం ఖర్చుపెట్టాడన్నదానికి అది రసీదు. మేం చేసింది ఖర్చు లేకుండా రసీదు అచ్చువెయ్యడం. దొంగ రసీదు అందుకున్నవాడు సంతోషపడొచ్చు, దొంగనోటు అందుకున్నవాడు కూడా అది మార్చేదాకా సంతోషంగానే ఉంటాడు. ఆ మనిషి తన దగ్గరున్నదాన్ని, అంటే నాన్న గురించి ఎవరికీ చెప్పని నాలుగు పేరాలని, ఆ రసీదు చూసి మాకిచ్చాడు. ఇవతల తీసుకోవడానికి ఎవరూ లేరని తెలిస్తే ఇచ్చేవాడు కాదు. ఆయనకి బాధ కలిగిందా లేదా అన్నది కాదు నా లెక్క. ఇవ్వాలా వద్దా అని తేల్చుకునే అవకాశం ఆయన చేతిలోంచి మేం తీసేసుకున్నాం.

ఈ ఖర్చు తగ్గుతూ రావడానికి పెద్ద చరిత్రే ఉంది. ఊరూపేరూ తెలియనివాళ్ళకి గుంపుగా పంపిన మొదటి ఈమెయిల్ ప్రకటన 1978 మే నెలలో, ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో వెళ్ళిందంటారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని దాదాపు 400 మందిని పిలిచాడు. ఆ అడ్రసులన్నీ చేత్తో టైపు చేయించాల్సొచ్చింది. అడ్రసులు వాటి చోటులో పట్టక మెసేజిలోకి కారాయి. దాన్ని అందుకున్న వాళ్ళలో చాలామంది మండిపడ్డారు. ఇప్పుడు చూస్తే ఆ మెయిల్ మీద నాకు గౌరవమే కలుగుతుంది. మా దగ్గర కంప్యూటర్లున్నాయి, వచ్చి చూడండి అంది, అంతే. మీ నాన్నగారి గురించి చదివాను అనలేదు.

దొంగనోటు వల్ల నష్టం దాన్ని అందుకున్నవాడితో ఆగదు. బజారులో దొంగనోట్లు ఎక్కువైతే మంచినోటుని కూడా వెలుగుకి ఎత్తి చూస్తాం. ఈ మాట ఊహించి రాయడం లేదు, నా మీద పడింది కాబట్టి రాస్తున్నాను. ఒక పాత కథల సంపుటి మీద నేను రాసిన సమీక్ష అచ్చయిన కొన్నాళ్ళకి లింక్డిన్‌లో ఒక మెసేజి వచ్చింది. 'మీ వ్యాసం చదివాను. కథలో బావి గురించి మీరు రాసిన చోట ఆగిపోయాను' అని మొదటి వాక్యం. నాకు నవ్వొచ్చింది. ఇది నా వాక్యమే! చిన్న వివరం పట్టుకోవడం, 'ఆగిపోయాను' అనడం, అన్నీ నేను మోడల్‌కి నేర్పినవే. కింద ఏం అమ్ముతాడో చూడకుండానే పక్కకి నెట్టేశాను. ఎనిమిది నెలల తర్వాత ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తూ తెరిచాను. రాసినాయన రిటైరైన ఇంజనీరు. ఆ రచయిత ఇంటి పక్కింట్లో పెరిగాడట. ఆ బావి నిజంగా ఉండేదని, దాన్ని ఎప్పుడు పూడ్చారో, అప్పుడు రచయిత ఏమన్నాడో నాకు చెప్పాలనుందని, వీలైతే ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చాడు. అమ్మడానికి ఏమీ లేదు. నేను క్షమాపణ చెప్పి జవాబు రాశాను. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచెయ్యడం లేదు. మెసేజికి ఇప్పటిదాకా జవాబు లేదు.

ఆ బావిని ఎప్పుడు పూడ్చారో నాకు ఇంకా తెలియదు.

*

అయితే ఏమంటావు, పరిచయం లేనివాళ్ళ తలుపు తట్టనే కూడదా అంటే, అలా అనలేను. పరిచయాలన్నీ ముందే ఉన్నవాళ్ళకి ఆ నీతి బాగుంటుంది. మామయ్యలు, బాబాయిలు పెద్ద కంపెనీల్లో లేని పిల్లలకి ముక్కూమొహం తెలియనివాళ్ళే దిక్కు. నాకు వారానికి పది మెసేజీలు వస్తాయి: 'గుడ్ మార్నింగ్ సర్, నేను బీటెక్ 2024 పాసౌట్, మీ కంపెనీలో రిఫరల్ ఇవ్వగలరా, రెజ్యుమే జతచేశాను.' ఇదే మెసేజి వందమందికి వెళ్ళి ఉంటుందని తెలుసు. వ్యాకరణం తప్పులు ఉంటాయి. కానీ అందులో అబద్ధం లేదు. నాకు మీతో పని ఉంది అని చెప్తోంది. కాదనే వీలు నాకుంది, ఔననే వీలూ ఉంది. మా సేల్స్ ట్రైనింగులో ఇలాంటి మెసేజీల్ని 'ఇలా రాయకూడదు' అనడానికి ఉదాహరణగా చూపించేవాళ్ళు. అందులో రాయకూడనిది ఏముందో ఇప్పుడు నాకు కనపడటం లేదు.

పని ఉండి తలుపు తట్టడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పని మీద వచ్చి, నీ మీద ప్రేమతో వచ్చానని చెప్పడంలోనే ఉంది. నాకు తోచిన నియమం చాలా చిన్నది: చెయ్యని పనిని చేశానని రాయకూడదు. చదవకపోతే 'చదివాను' అనొద్దు. ఆగకపోతే 'ఆగిపోయాను' అనొద్దు. మీ కంపెనీకి మూడు ప్లాంట్లున్నాయని చూశాం, అలాంటి చోట్ల మా సరుకు పనికొస్తుంది, అందుకని రాస్తున్నాం, అనొచ్చు. ఇది ప్రోగ్రాం రాసినా నిజమే.

ఇది నేను ఆఫీసులో చెప్పాను. పెద్ద యుద్ధమేమీ జరగలేదు. రెండు వారాలు ప్రయత్నించి చూద్దామన్నారు. జవాబులు పడిపోయాయి. టార్గెట్లు అందక ఇబ్బంది పడింది నేను కాదు, ఆ రాత్రిపూట పిల్లలు. మూడో వారం పాత పద్ధతికే వెళ్ళిపోయారు, చావు కబుర్లున్న పోస్టుల్ని వదిలెయ్యమని ఒక ఫిల్టరు మాత్రం నా చేత పెట్టించారు. ఆ ఫిల్టరు రాసింది నేనే. ఆ తర్వాత ఏడు నెలలు అక్కడే పనిచేశాను, ఇంటి ఈఎంఐ ఉంది. మానేసింది కూడా ఈ కారణంతో కాదు, వేరేచోట జీతం ఎక్కువ ఇస్తామన్నారు.

ఇక ఆ రాత్రి. "అన్నా, ఈయనకి ఏం రాయాలె?" అని ఆ అమ్మాయి అడిగితే నాకు మాట రాలేదు. ఆమె తన సీటుకి వెళ్ళిపోయి, ఆ పోస్టంతా మొదటి నుంచి చదివింది. తర్వాత ఆయన నాలుగు పేరాలూ మళ్ళీ చదివింది. అరగంట కూర్చుని ఒక జవాబు రాసింది. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడట. ఆయన కూడా సీటు కింద పానాలు గుడ్డలో చుట్టి పెడతాడని, చిన్నప్పుడు ఆ గుడ్డ వాసన అంటే తనకి ఇష్టమని రాసింది. గురువారం మీటింగ్ గురించి కంగారు లేదు, మీకు వీలున్నప్పుడు చూద్దాం అంది. ఆయన్ని సీక్వెన్స్‌లోంచి తీసేసి, 'నాట్ ఇంటరెస్టెడ్' అని నమోదు చేసింది. ఆ నెల ఆమెకి టార్గెట్‌లో ఒకటి తగ్గింది.

అదంతా నిజమే, ఒక్క వాక్యం తప్ప. ఆ జవాబు కూడా వెళ్ళింది ఫౌండర్ పేరుతోనే. అమెరికాలో ఆ మనిషి, ఒక కంపెనీ యజమాని తండ్రి ఆటో నడిపేవాడని ఇప్పటికీ అనుకుంటూ ఉండాలి. మొదటి వాక్యం ఎవరూ రాయలేదని, రెండో ఉత్తరం మాత్రం ఒక మనిషే రాసిందని, ఆ మనిషి పేరు వేరని, ఈ మూడూ మేం ఆయనకి చెప్పి ఉండాల్సింది. చెప్తే ఆ గుడ్డల గురించి ఎవరో పట్టించుకున్నారన్న కాస్త ఊరటా పోయేది. నేనైతే చెప్పేవాణ్ణి అని ఇప్పుడు, ఇంత దూరంలో కూర్చుని రాయడం తేలికే. ఆ రాత్రి నేను ఆమె పక్కనే ఉన్నాను. పంపించు అన్నది నేనే.